సాయంత్రం సూర్యుడూ ఎర్రగానే ఉంటాడు కదా మేడం?

బెజవాడ_టీచర్
శుక్రవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్తాను. ఇవాళ కాంతి పాఠం అయ్యాక పది నిమిషాలు మిగిలాయి. గెలాక్సీల కాంతి ఎరుపు వైపు జరిగి కనిపిస్తుందనీ, దాన్ని పట్టుకునే విశ్వం వ్యాకోచిస్తోందని తెలుసుకున్నారనీ చెప్పాను. రెండో బెంచీ పిల్ల లేచింది. "సాయంత్రం సూర్యుడూ ఎర్రగానే ఉంటాడు కదా మేడం, ఆయన కూడా మన నుంచి దూరం పోతున్నట్టేనా?"

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న గుచ్చుకుంది. "అది గాలి వల్ల, ఇది వేగం వల్ల" అన్నాను. "రెండూ ఎరుపే కదా, ఏది దేనివల్లో ఎలా తెలుస్తుంది?" అంది. ఈలోపు గంట కొట్టారు.

సోమవారం ఆ పిల్లకు గట్టి జవాబు చెప్పాలి. "శాస్త్రవేత్తలు చెప్పారు" అనే జవాబు కాదు, తను చేత్తో పట్టుకుని చూడగలిగేది కావాలి. సాయం చేయండి.

చుక్కల_డాబా
శుక్రవారం, రాత్రి 9:05

మేడం, ముందు ఆ అమ్మాయికి నా తరఫున ఒక చప్పట్లు. పెద్దవాళ్లలోనూ చాలామంది ఇక్కడే పొరబడతారు. మా డాబా మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉంది. అందులో గెలాక్సీలు ఎర్రగా కనబడవు, బూడిద రంగు మరకల్లా ఉంటాయి. రంగు చూసి ఎవరూ ఏమీ తేల్చలేదు, గీతలు చూసి తేల్చారు. అసలు సంగతి వర్ణపటం అక్క చెప్తేనే బాగుంటుంది.

వర్ణపటం
శుక్రవారం, రాత్రి 10:20

ఎర్రబడటం వేరు, ఎరుపు వైపు జరగడం వేరు మేడం. మీ విద్యార్థిని సరిగ్గా ఆ తేడా దగ్గరే ఆగింది.

పొద్దు వాలేటప్పుడు సూర్యకాంతి గాలిలో ఎక్కువ దూరం రావాలి. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. అంటే కొన్ని రంగులు పలచబడ్డాయి, అంతే. ఉన్నవి ఎక్కడివక్కడే ఉన్నాయి. నక్షత్రాల మధ్య ఉండే దుమ్ము కూడా ఇదే పని చేస్తుంది. పుస్తకాల్లో అరుణ విస్థాపనం అని రాసే రెడ్‌షిఫ్ట్ అలాంటిది కాదు. అక్కడ వర్ణపటం మొత్తం ఒక్క కట్టుగా పక్కకు జరుగుతుంది.

జరిగిందని చెప్పేవి గీతలు. హైడ్రోజన్ ఎక్కడున్నా కొన్ని నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యాల దగ్గరే గీతలు వేస్తుంది. ఎర్ర గీత 656.3 నానోమీటర్ల దగ్గర, నీలాకుపచ్చ గీత 486.1 దగ్గర. సాయంత్రం సూర్యుడు ఎంత ఎర్రగా ఉన్నా ఆ ఎర్ర గీత 656.3 దగ్గరే ఉంటుంది, మధ్యాహ్నం ఎక్కడుందో అక్కడే. మీ విద్యార్థినికి జవాబు ఇదే.

ఇప్పుడు ఒక పరాయి వస్తువును చూద్దాం. 3సి 273 అనే క్వేజార్ (నక్షత్రంలా కనబడే, విపరీతంగా వెలిగే దూరపు గెలాక్సీ నడిబొడ్డు) వర్ణపటంలో గీతలు ఎవరికీ అంతుబట్టలేదు, ఏ మూలకానికీ సరిపోలేదు. 1963లో మార్టెన్ ష్మిట్ వాటి మధ్య ఉన్న దూరాల వరసను గుర్తుపట్టాడు. అవి మనకు తెలిసిన హైడ్రోజన్ గీతలే, అన్నీ 1.158 రెట్లు సాగి ఉన్నాయి. 486.1 కాస్తా 563 దగ్గరికి, 656.3 కాస్తా 760 దగ్గరికి వెళ్లాయి. పిల్లల చేత భాగహారం చేయించండి. 656.3ను 486.1తో భాగిస్తే 1.35, 760ని 563తో భాగించినా 1.35. పాట అదే, స్వరాల మధ్య దూరాలూ అవే, శ్రుతి మాత్రం దిగింది. దుమ్ము ఏ పాటకూ శ్రుతి దించలేదు, కొన్ని స్వరాల గొంతు తగ్గించగలదు, అంతే.

చేత్తో చూడటానికి: పాత సీడీ ముక్క, చెప్పుల పెట్టె, రెండు బ్లేళ్ల మధ్య సన్నని సందు. పాత ట్యూబ్‌లైటు వైపు తిప్పితే పాదరసం గీతలు కనబడతాయి, 546 దగ్గర ఆకుపచ్చ, 436 దగ్గర నీలం. సూర్యుడి వైపు మాత్రం ఎవరినీ తిప్పనివ్వకండి.

కాజీపేట_గార్డు
శనివారం, ఉదయం 6:15

నేను రైల్వేలో గార్డుగా రిటైరయ్యాను. కూత సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడితే వచ్చే బండి కూత సన్నగా ఉంటుంది, దాటగానే ఒక్కసారిగా బొంగురుపోతుంది. కాంతికీ అంతేనంటే ఒప్పుకుంటాను. గీతల లెక్క కూడా బాగుంది.

కానీ నా అనుమానం వేరే. బండి కూత అర నిమిషంలో నా చెవిలో పడుతుంది. ఈ కాంతి కోట్ల ఏళ్లు నడిచి వస్తోంది. అంత దూరం నడిస్తే దారిలో కాస్త శక్తి పోదా? శక్తి తగ్గితే తరంగదైర్ఘ్యం పెరుగుతుందని మీరే అంటారు. అప్పుడు గీతలన్నీ ఒకే నిష్పత్తిలో జరగొచ్చు కదా. దూరంగా ఉన్నది ఎక్కువ అలసిపోతుంది, ఎక్కువ జరుగుతుంది. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు, ఏదీ వ్యాకోచించనక్కర్లేదు. ఇది మూర్ఖత్వం అనుకోకుండా జవాబు చెప్పండి.

చుక్కల_డాబా
శనివారం, ఉదయం 7:30

మూర్ఖత్వం ఎంతమాత్రం కాదు బాబాయ్ గారూ. సరిగ్గా ఇదే మాట 1929లో ఫ్రిట్జ్ జ్వికీ అన్నాడు, గెలాక్సీలు దూరం కొద్దీ వేగంగా పోతున్నాయని ఎడ్విన్ హబుల్ పేపరు వచ్చిన ఏడాదే.

వర్ణపటం
శనివారం, ఉదయం 11:45

బాబాయ్ గారూ, మీ ప్రశ్నకు గీతల్లో జవాబు దొరకదు. అలసిన కాంతి అయినా, సాగిన దారి అయినా గీతలు ఒకేలా జరుగుతాయి. రెండింటినీ విడదీయాలంటే కాంతితోపాటు గడియారం కూడా రావాలి.

దూరపు ఊళ్లో మీ అబ్బాయి రోజుకో ఉత్తరం వేస్తున్నాడనుకోండి. దారిలో అవి నలగొచ్చు, తడవొచ్చు. అలసిన కాంతి అంటే ఇదే. అయినా దారి పొడవు మారనంత కాలం మీకు రోజుకో ఉత్తరమే అందుతుంది. అదే దారి రోజురోజుకూ సాగిపోతుంటే? ఇవాళ్టి ఉత్తరం కంటే రేపటిది ఎక్కువ దూరం రావాలి. అక్కడ రోజుకొకటి వేసినా ఇక్కడ రెండు రోజులకొకటి అందుతుంది. ఉత్తరం నలిగిందా లేదా అన్నది వదిలేసి, రెండు ఉత్తరాల మధ్య ఎడం కొలిస్తే చాలు.

ఆకాశంలో అలాంటి గడియారం ఉంది. 1ఎ రకం సూపర్‌నోవా అంటారు. అది వెలిగి, గరిష్ఠానికి చేరి, ఆరిపోయే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. దగ్గరి గెలాక్సీలో 20 రోజులు పట్టే మార్పు రెడ్‌షిఫ్ట్ 1 ఉన్న గెలాక్సీలో, అంటే గీతలు రెండు రెట్లు సాగిన చోట, 40 రోజులు పడుతుంది. గీతలు ఎన్ని రెట్లు సాగాయో కాలమూ అన్ని రెట్లే సాగుతుంది. 1990ల నుంచి ఇది కొలుస్తూనే ఉన్నారు. 2024లో డార్క్ ఎనర్జీ సర్వే బృందం 1,500 పైచిలుకు సూపర్‌నోవాలతో మళ్లీ కొలిచింది. లెక్క చెప్పినట్టే వచ్చింది. కాంతి అలసిపోవడమే కారణమైతే 20 రోజులు 20 రోజులుగానే అందాలి.

కాజీపేట_గార్డు
శనివారం, మధ్యాహ్నం 1:10

రెండుసార్లు చదివాను. ఉత్తరాల మాట గట్టిది. మా రన్నింగ్ స్టాఫ్ భాషలో చెప్తాను, తప్పైతే దిద్దండి. దూరంగా పోయే బండి పది నిమిషాలకోసారి కూత వేస్తే నాకు పది నిమిషాల మీద కొన్ని క్షణాలు ఎక్కువ ఎడంతో వినిపిస్తుంది. కూత బొంగురు ఒక సాక్ష్యం, కూతకూ కూతకూ మధ్య ఎడం రెండో సాక్ష్యం. బొంగురుకు వంద కారణాలు చెప్పొచ్చు. ఎడానికి ఒక్కటే కారణం. అంతేనా?

వర్ణపటం
శనివారం, మధ్యాహ్నం 1:25

అంతే బాబాయ్ గారూ. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

లెక్కల_కుర్రోడు
శనివారం, సాయంత్రం 4:50

నాదో సందేహం. వ్యాకోచ వేగానికి 1929లో హబుల్ ఇచ్చిన విలువ 500 అట, అంటే మెగాపార్సెక్ (దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాల) దూరానికి సెకనుకు 500 కిలోమీటర్ల వేగం. ఇప్పుడు 70 దగ్గర అంటున్నారు. ఏడు రెట్ల తేడా! 500 తీసుకుని వెనక్కి లెక్కేస్తే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లే వస్తోంది. భూమే దాదాపు 450 కోట్ల ఏళ్లది కదా. తల్లి కంటే బిడ్డ పెద్దదా?

వర్ణపటం
శనివారం, రాత్రి 9:30

ఇది నిజంగా ఇరవై ఏళ్లకు పైగా గొంతులో పడ్డ ముల్లు. భూమి రాళ్ల వయసు అంతకంటే ఎక్కువని రేడియోధార్మికత లెక్కలు అప్పటికే చెప్తున్నాయి. దీన్ని ఎవరూ దాచలేదు, అందుకే ఈ కథంటే నాకు ఇష్టం.

తప్పు వేగాల్లో లేదు. వేగం గీతల నుంచి నేరుగా వస్తుంది. తప్పు దూరాల్లో. దూరం కొలవడానికి వాడినవి సెఫీడ్ తారలు. అవి ఒక లయలో వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. నెమ్మదిగా కొట్టుకునేది అసలుకు ఎక్కువ ప్రకాశవంతమైనదని హెన్రియెటా లెవిట్ 1912లో తేల్చింది, చిన్న మెగలనిక్ మేఘంలో 25 తారలు చూసి. హార్వర్డ్‌లో గాజు పలకల మీద చుక్కలు లెక్కపెట్టే ఉద్యోగం ఆమెది. లయ చూస్తే అసలు ప్రకాశం తెలుస్తుంది, కంటికి ఎంత మసకగా ఉందో చూస్తే దూరం తెలుస్తుంది. 1923 అక్టోబరులో హబుల్ దేవయాని (ఆండ్రోమెడా) గెలాక్సీలో అలాంటి తారను పట్టుకున్నాడు. దేవయాని పాలపుంతలోది కాదని, వేరే గెలాక్సీ అని అప్పుడే తేలింది.

కానీ సెఫీడ్లు రెండు రకాలు. ఆ సంగతి అప్పటికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో లాస్ ఏంజెలెస్ దీపాలు ఆర్పేస్తే పక్కనే ఉన్న మౌంట్ విల్సన్ మీద ఆకాశం నల్లబడింది. వాల్టర్ బాడే ఆ చీకట్లో 100 అంగుళాల టెలిస్కోపుతో దేవయాని నడిబొడ్డున ఉన్న తారలను విడివిడిగా చూశాడు. పాతతరం తారలు వేరు, కొత్తతరం తారలు వేరు అని గ్రహించాడు. సెఫీడ్ల లెక్క అలా దిద్దాక 1952లో గెలాక్సీల దూరాలన్నీ ఒక్కసారిగా రెట్టింపు అయ్యాయి. హబుల్ నక్షత్రాలనుకున్న వాటిలో కొన్ని వాయుమేఘాలని తర్వాత అలన్ సాండేజ్ చూపించాడు. 1958 నాటికి ఆయన విలువ 75. దాంతో వయసు వెయ్యి కోట్ల ఏళ్లు దాటింది, భూమికి చోటు దొరికింది. ఇప్పటి లెక్క 1,380 కోట్లు.

పేచీ ఇంకా ఉంది. విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన కాంతి నుంచి ప్లాంక్ ఉపగ్రహం లెక్కించిన విలువ 67.4, సెఫీడ్లూ సూపర్‌నోవాలూ పట్టుకుని ఆడమ్ రీస్ బృందం కొలిచినది 73 దగ్గర. ఈ తేడా ఎందుకో ఇంకా తేలలేదు. అయితే రెండు పక్షాలూ వ్యాకోచం ఉందనే అంటాయి, గొడవంతా ఎంత వేగమన్న దాని మీదే.

ఫీనిక్స్_తెలుగోడు
ఆదివారం, ఉదయం 8:20

హబుల్ పేరు ఇన్నిసార్లు వచ్చింది, స్లైఫర్ పేరు ఒక్కసారీ రాలేదు. ఉండబట్టలేక రాస్తున్నాను.

మాకు రెండు గంటల పైచిలుకు దూరంలో ఫ్లాగ్‌స్టాఫ్. తెలుగువాళ్లు గ్రాండ్ క్యాన్యన్‌కు పోతూ టిఫిను కోసం ఆగే ఊరు. ఊరి పక్క గుట్ట మీద లోవెల్ అబ్జర్వేటరీ ఉంది. పోయిన వేసవిలో అమ్మానాన్నలతో వెళ్లాను. 1896 నాటి 24 అంగుళాల క్లార్క్ టెలిస్కోపు ఇప్పటికీ పనిచేస్తోంది. చెక్క గోపురం పాత ఫోర్డ్ ట్రక్కు టైర్ల మీద తిరుగుతుంది, ఆ చప్పుడు విని మా నాన్న ఎడ్లబండి చప్పుడులా ఉందన్నారు.

వెస్టో స్లైఫర్ ఆ గోపురంలోనే 1912లో దేవయాని వర్ణపటం తీశాడు. మసక వెలుగు, నిదానంగా పనిచేసే ఫొటో పలకలు. ఒక్క పలక కోసం గంటలకు గంటలు, కొన్నిసార్లు వరసగా రెండు మూడు రాత్రులు టెలిస్కోపును ఒకే మరక మీద నిలిపి ఉంచాలి. దేవయాని సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోందని తేలింది. అంతటి వేగం అంతకుముందు ఏ ఆకాశ వస్తువుకూ కొలవలేదు. 1917 నాటికి 25 నెబ్యులాల (గెలాక్సీలను అప్పట్లో అలా అనేవారు) లెక్క తేల్చాడు, 21 దూరంగా పోతున్నాయి. 1929లో హబుల్ వాడుకున్న వేగాల్లో ఎక్కువ స్లైఫర్‌వే, ఆ పేపరులో మాత్రం ఆయన పేరు లేదు.

ఇంకొకరు మిల్టన్ హ్యూమసన్. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. మౌంట్ విల్సన్ పైకి కంచరగాడిదల మీద సామాన్లు మోసుకెళ్లేవాడు, తర్వాత అక్కడే జానిటర్ అయ్యాడు, ఆ తర్వాత దూరపు గెలాక్సీల వర్ణపటాలు తీయడంలో ఆయన్ని మించినవాడు లేడు. మేడం, ఈయన సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

చుక్కల_డాబా
ఆదివారం, ఉదయం 9:00

లమైత్ర్‌ను కూడా కలపండి. బెల్జియం పాద్రీ. గెలాక్సీలు దూరం కొద్దీ వేగంగా పోతాయని, అది అంతరాళమే సాగడం వల్లనని 1927లోనే రాశాడు. ఫ్రెంచిలో రాయడం వల్ల ఎక్కువమంది కంట పడలేదు. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓటింగ్ పెట్టి హబుల్–లమైత్ర్ నియమం అని పిలవమంది.

అక్కా, నాకో ప్రశ్న మిగిలింది. దేవయాని మన వైపు వస్తోందంటే వ్యాకోచానికి అడ్డు కాదా? ఏటా కార్తీకంలో దాన్ని చూసినప్పుడల్లా ఇదే ఆలోచన.

వర్ణపటం
ఆదివారం, ఉదయం 10:40

అడ్డు కాదు. దేవయాని 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంత దగ్గర వ్యాకోచం వాటా సెకనుకు యాభై అరవై కిలోమీటర్లకు మించదు, పాలపుంతా దేవయానీ ఒకదాన్నొకటి లాక్కునే బలం ముందు అది చాలదు. కన్యారాశి గెలాక్సీల గుంపులో ఎం86 అనే గెలాక్సీ కూడా మన వైపే వస్తోంది, ఆ గుంపు లోపలి ఆకర్షణ దాన్ని ఇటు విసిరింది. గురుత్వం పట్టి ఉంచినచోట సాగదు. సౌరకుటుంబం సాగదు, మన ఇళ్లూ ఒళ్లూ సాగవు. దూరాలు కోట్ల కాంతి సంవత్సరాలు దాటాక వ్యాకోచానిదే పైచేయి.

గోదారి_గట్టు
ఆదివారం, మధ్యాహ్నం 12:15

మన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు బిగ్ బ్యాంగ్‌ను చివరిదాకా ఒప్పుకోలేదని చదివాను. అంత పెద్దాయనకు వ్యాకోచం మీద నమ్మకం లేదంటే ఆలోచించాలి కదా?

వర్ణపటం
ఆదివారం, మధ్యాహ్నం 2:00

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. ఫ్రెడ్ హోయల్, నార్లీకర్ గార్లు నిలబెట్టిన స్థిరస్థితి సిద్ధాంతంలోనూ విశ్వం వ్యాకోచిస్తుంది. ఖాళీ అయిన చోట కొత్త పదార్థం పుడుతుందని వాళ్ల వాదన. వాళ్లు కాదన్నది ఆరంభాన్ని. ఆరంభం వైపు తూకం వాలింది 1965లో, పెంజియాస్, విల్సన్ న్యూజెర్సీలో ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే సూక్ష్మతరంగాల సొద విన్నామని ప్రకటించాక. అది విశ్వం తొలినాళ్ల వేడి వెలుగులో మిగిలినది. ఇప్పుడు ఆ వెలుగు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్.

మన దేశంలో చాలామందికి తెలియని కథ ఇక్కడుంది. విశ్వం సాగుతూ చల్లబడితే, గతంలో వేడిగా ఉండాలి. గతానికి థర్మామీటరు పెట్టడం ఎలా? 2000లో రఘునాథన్ శ్రీఆనంద్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి పెట్టి చూపించారు. ఆయన పనిచేసేది పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రంలో, సాక్షాత్తూ నార్లీకర్ గారు స్థాపించిన సంస్థ. చిలీలోని పెద్ద టెలిస్కోపుతో రెడ్‌షిఫ్ట్ 2.34 దగ్గరున్న ఒక వాయుమేఘాన్ని చూశారు. అందులోని కర్బన పరమాణువులు చుట్టూ ఉన్న వెలుగు వేడికి ఎంత ఉద్రేకం చెందాయో కొలిచారు. వ్యాకోచం నిజమైతే అక్కడ 9.1 కెల్విన్ ఉండాలి. వాళ్లకు 6కూ 14కూ మధ్య వచ్చింది. 2008లో ఇంకో మేఘంలో కార్బన్ మోనాక్సైడుతో కొలిస్తే 9.15 వచ్చింది, రావలసింది 9.3.

బాబాయ్ గారూ, మీ అలసిన కాంతికి ఇది మూడో సాక్ష్యం. ఏదీ సాగకపోతే అప్పుడూ ఇప్పుడూ ఆ వేడి ఒకటే ఉండాలి.

కాజీపేట_గార్డు
ఆదివారం, సాయంత్రం 5:30

ఈ వయసులో ఒక అభిప్రాయం మార్చుకున్నానని రాయడానికి నాకు సంతోషంగా ఉంది. కేసు నెగ్గింది.

బెజవాడ_టీచర్
సోమవారం, రాత్రి 8:10

అందరికీ చేతులెత్తి దండం. ఇవాళ ఏం జరిగిందో రాస్తున్నాను.

భాగహారం అందరిచేతా చేయించాను. రెండుసార్లూ 1.35 రాగానే రెండో బెంచీ పిల్ల తనే లేచి, "అంటే సూర్యుడు రంగు కోల్పోయాడు, గెలాక్సీ శ్రుతి దిగింది" అంది.

తర్వాత టైలరింగ్ షాపులో కొన్న వెడల్పాటి ఎలాస్టిక్ మీద 0, 2, 5, 9 సెంటీమీటర్ల దగ్గర సిరా చుక్కలు పెట్టించాను. ఒకటిన్నర రెట్లు సాగదీశారు. చుక్కలు 0, 3, 7.5, 13.5 దగ్గరికి వెళ్లాయి. మొదటి చుక్క మీద నిలబడి చూస్తే దగ్గరిది 1 జరిగింది, మధ్యది 2.5, చివరిది 4.5. ఎంత దూరముంటే అంత ఎక్కువ. మూడో చుక్క మీద నిలబడి కొలవమన్నాను. అక్కణ్నుంచీ అదే లెక్క. "అయితే మధ్యలో ఉన్నది ఎవరు?" అని ఒక అబ్బాయి అడిగాడు. నేను నోరు తెరవకముందే పక్కవాడు "ఏ చుక్క మీదుంటే ఆ చుక్కకు తనే మధ్య" అన్నాడు. చుక్కలు ఎలాస్టిక్ మీద నడవలేదు, ఎలాస్టిక్కే సాగింది, ఆ మాట విడిగా చెప్పాను.

సీడీ పెట్టె మాత్రం కుదరలేదు. స్కూల్లో ట్యూబ్‌లైట్లన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టారు. ఎంత తిప్పినా ఇంద్రధనుస్సు పట్టీ వచ్చింది తప్ప గీత కనబడలేదు. పిల్లలు నిరాశపడ్డారు.

చుక్కల_డాబా
సోమవారం, రాత్రి 8:25

ఎల్‌ఈడీలో గీతలు రావు మేడం. పాత సీఎఫ్ఎల్ బల్బు ఒకటి సంపాదించండి, అందులోనూ పాదరసమే. ఆకుపచ్చ గీత కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. పగలకుండా జాగ్రత్త.

కాజీపేట_గార్డు
సోమవారం, రాత్రి 9:00

మా అటక మీద అలాంటివి రెండు ఉన్నాయమ్మా, అట్టపెట్టెతో సహా. మా అమ్మాయి ఇల్లు బెజవాడే, బుధవారం వస్తున్నాను. బల్బులు గుడ్డలో చుట్టి చేతిసంచిలో తెస్తాను. బడి ఎక్కడో చెప్పండి, గేటు దగ్గర ఇచ్చి వెళ్తాను.

బెజవాడ_టీచర్
సోమవారం, రాత్రి 9:12

గేటు దగ్గర ఎందుకు బాబాయ్ గారూ, లోపలికే రండి. మూడో పీరియడ్ నాదే. వివరాలు ప్రైవేటు మెసేజీలో పెడుతున్నాను. కూతల ఎడం సంగతి పిల్లలకు మీ నోటితోనే చెప్పాలి.